రిగ్లీ ఫీల్డ్‌కి కారులో మాత్రం వెళ్ళకండి

చికాగోలో కబ్స్ జట్టు బేస్‌బాల్ స్టేడియం రిగ్లీ ఫీల్డ్ చూడాలనుకునేవాళ్ళకి ముందుగా ఒక్క మాట: కారు తీయకండి. "ఆట అవగానే బయటపడొచ్చు" అన్న బోర్డు చూసి మా అల్లుడు ఒక పార్కింగ్ స్థలంలో 50 డాలర్లు కట్టాడు. తిరిగొచ్చేసరికి మా కారు ముందు రెండు, వెనక మూడు కార్లు అడ్డం పెట్టేశారు. అడుగుదామంటే అక్కడ మనిషే లేడు. గంటా ఇరవై నిమిషాలు పడిగాపులు. రెడ్ లైన్ రైలు అడిసన్ స్టేషన్‌లో ఆగుతుంది, దిగితే నాలుగడుగుల్లో స్టేడియం. మేం వెళ్ళినప్పుడు టికెట్ రెండున్నర డాలర్లు. ఆ 50 డాలర్లు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అయినా మళ్ళీ వెళ్తాను.

1914 నాటి మైదానం అది. చుట్టూ ఇళ్ళే. వేవ్‌లాండ్ వీధిలో ఒకాయన మొక్కలకి నీళ్ళు పోసుకుంటున్నాడు, రోడ్డుకి ఇవతల స్టేడియం గోడ. 1988 దాకా ఇక్కడ ఫ్లడ్‌లైట్లే లేవు, ఆటలన్నీ పగలే. మాదీ మధ్యాహ్నం 1:20 ఆట. నాకు ఫతేమైదాన్ గుర్తొచ్చింది. బషీర్‌బాగ్ ఆఫీసులో సంతకం పెట్టి, నడిచి వెళ్ళి క్రికెట్ చూసిన రోజులవి. 2005లో మ్యాచ్‌లు ఉప్పల్‌కి మారాక ఆ సుఖం పోయింది.

సీటు 42 డాలర్లు. పిచర్‌కీ (బంతి విసిరేవాడికీ) మాకూ సరిగ్గా మధ్యలో పై అంతస్తుని మోసే ఇనప స్తంభం. టికెట్ కొనేముందు స్తంభం అడ్డమా కాదా చూసుకోండి. మా ఆవిడ ముఖం ముడుచుకుని కూర్చుంది. తెచ్చుకున్న పులిహోర డబ్బాని గేటు దగ్గర ఎవరూ ఆపకపోవడం ఒక్కటే ఆవిడకి ఊరట.

పక్క సీటులో ఎనభై దాటిన పెద్దావిడ ఒళ్ళో అట్ట పెట్టుకుని, పొట్టి పెన్సిల్‌తో ప్రతి బంతీ రాసుకుంటోంది. మూడో ఇన్నింగ్స్‌లో ఆ పెన్సిల్ మా ఆవిడ చేతికిచ్చింది. బ్యాటర్ మూడు స్ట్రైకులకి, అంటే మూడుసార్లు బంతిని కొట్టలేక అవుటైతే గడిలో ఇంగ్లీషు 'కె' రాయాలి. చివరి బంతికి బ్యాట్ కదపకుండా అవుటైతే అదే అక్షరం తిరగేసి రాయాలి. అంతే, ఇక మంచినీళ్ళకి కూడా నన్ను లేవనివ్వలేదు. "ఏవండీ, ఇప్పుడు ఊపాడా లేదా? సరిగ్గా చూసి చెప్పండి!"

అక్కడి స్కోరుబోర్డు 1937 నాటిది. ఇప్పటికీ మనుషులే లోపలుండి రేకులు మారుస్తారు. చిన్న కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చి పాత అంకె లాక్కుంది, మరుక్షణం కొత్తది ప్రత్యక్షం. మైదానం అంచున ఇటుక గోడ మీద తీగలు కూడా ఆ ఏడాదే నాటారట. ఆరో ఇన్నింగ్స్‌లో బంతి ఆ ఆకుల్లో ఇరుక్కుంది. ఫీల్డర్ వెతకలేదు, రెండు చేతులూ పైకెత్తాడు. బ్యాటర్‌కి రెండు బేసులు (పరుగు దారిలో మజిలీలు) ఇచ్చేశారు. అల్లుడికి కూడా ఈ రూలు తెలియదు, పెద్దావిడే చెప్పింది.

కబ్స్ గెలిచారు. స్కోరుబోర్డు మీద గెలుపు గుర్తుగా తెల్లజెండా ఎగిరింది, రైల్లో పోయేవాళ్ళకి ఫలితం తెలియడానికి మొదలైన అలవాటట. పార్కింగ్‌లో అల్లుడు ఫోన్లు చేస్తూ తిరుగుతుంటే మా ఆవిడ పేవ్‌మెంట్ అంచున కూర్చుని, పెద్దావిడ ఇచ్చి వెళ్ళిన పెన్సిల్‌తో ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఖాళీ వదిలిన గడి నింపుతోంది.