హై-రెజ్ లాస్‌లెస్: వైజాగ్‌లో వినేవాళ్లకి ఏం దక్కుతుంది?

యాపిల్ మ్యూజిక్ 2021 జూన్‌లో లాస్‌లెస్, హై-రెజ్ లాస్‌లెస్ అనే శబ్ద నాణ్యత సెట్టింగులు తెచ్చినప్పటి నుంచీ ఒకటే వాదన. పైసా అదనంగా అడగనప్పుడు ఆన్ చేస్తే పోయేదేముంది అని కొందరు, అదంతా అంకెల గారడీ అని కొందరు. రెండింట్లోనూ సగమే నిజం.

లాస్‌లెస్ దాకా మంచిదే. మామూలు 256 కేబీపీఎస్ ఏఏసీలో (ఫైల్‌ని కుదించే పద్ధతి), చెవి పట్టదనుకున్న భాగాన్ని తీసేస్తారు. లాస్‌లెస్‌లో సీడీలో ఉన్నదంతా, అంటే 16 బిట్ (ఒక్కో కొలత ఎంత సూక్ష్మమో), 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలవడం), చెక్కుచెదరకుండా వస్తుంది. తేడా సన్నం, చాలామంది చెవికి అందదు. అయినా ఉండాల్సింది ఉండాలి.

అసలు పేచీ హై-రెజ్‌తోనే, అంటే 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ దాకా వెళ్లేదానితో. 44.1తోనే 22 కిలోహెర్ట్జ్ వరకు శబ్దం పూర్తిగా పలుకుతుంది. కుర్రవాళ్ల చెవి కూడా 20 దాటి వినదు. 16 బిట్‌కి మెత్తటి చప్పుడుకీ పెద్ద చప్పుడుకీ మధ్య 96 డెసిబెల్స్ జాగా ఉంది. సీలింగ్ ఫ్యాన్ తిరగని గది వైజాగ్‌లో ఏది? ఆ హోరు మీద 96 డెసిబెల్స్ మొత్తం వినాలంటే చెవులు పాడయ్యేంత వాల్యూమ్ పెట్టాలి. 24 బిట్ అక్కర రికార్డింగ్ స్టూడియోలో ఉంది, మన హాల్లో కాదు. ఘంటసాల కాలం పాటలైతే టేపు సుయ్యి చప్పుడే 16 బిట్ హద్దుకి చాలా పైన ఉంటుంది.

డేటా ఖర్చు మాత్రం నిజం. యాపిల్ లెక్క ప్రకారం మూడు నిమిషాల పాటకి మామూలుగా 6 ఎంబీ, లాస్‌లెస్‌లో 36, హై-రెజ్‌లో 145. రోజుకి 1.5 జీబీ ప్యాక్ అయితే పది పాటలకే ఖాళీ. గాజువాకలో బస్సెక్కితే మద్దిలపాలెం రాకముందే అయిపోతుంది.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌కి ఐఫోన్ పంపేది ఏఏసీ లాంటి కుదించిన శబ్దమే, సెట్టింగ్ ఏదైనా సరే. లాస్‌లెస్ వినాలంటే వైరు ఉండాలి. యాపిల్ సొంత హెడ్‌ఫోన్ అడాప్టర్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. ఆపైన కావాలంటే విడిగా డాక్ (డిజిటల్ పాటని హెడ్‌ఫోన్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పరికరం) కొనాలి. పాట నడుస్తుండగా తెరమీద 'లాస్‌లెస్' అన్న మాట నొక్కితే ఏ రేటులో వస్తోందో కనిపిస్తుంది.

బీచ్ రోడ్ వైపు ఉండేవాళ్లకి ఇంకో చిక్కు. ఉప్పుగాలికి చవక జాక్ పిన్ను చిలుము పడుతుంది. ఒక చెవిలో గరగర, లేదా సౌండే రాదు. ఆ లోపాన్ని ఫార్మాట్ మీదికి నెట్టకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో పిన్ను తుడవండి, ఆరాకే గుచ్చండి.

లాస్‌లెస్, హై-రెజ్ రెండూ పోల్చి చూడాలంటే ముందు డాల్బీ ఆట్మాస్ (శబ్దం చుట్టూ వస్తున్నట్టు వినిపించేది) ఆఫ్ చేయాలి. అది వేరే మిక్స్, తేడా దానివల్లే రావచ్చు. గట్టి పరీక్ష కావాలంటే కొన్న 24 బిట్ ఫ్లాక్ (ఒక లాస్‌లెస్ ఫార్మాట్) ఫైల్‌ని 16 బిట్, 44.1కి మార్చి, కంప్యూటర్‌లో ఫూబార్ 2000 అనే ప్లేయర్ ఏబీఎక్స్‌లో (ఏది ఏదో చెప్పకుండా వినిపించే పరీక్ష) రెండూ వేయండి. వాల్యూమ్ సమానంగా ఉండాలి. అర డెసిబెల్ ఎక్కువైనా అదే బాగున్నట్టు అనిపిస్తుంది. 16 సార్లలో 12 సరిగ్గా చెప్పగలిగితే డాక్ కొనండి. 8, 9 దగ్గర ఆగితే ఆ డబ్బు మంచి ఇయర్‌ఫోన్‌కి పెట్టి, సెట్టింగ్‌ని లాస్‌లెస్ దగ్గరే వదిలేయండి.