వికీపీడియా ‘విషయ ప్రాముఖ్యత’ నియమం: ఏళ్ల తరబడి వాడాక నా మాట

వికీపీడియా ఎలా నడుస్తుందో అందరికీ తెలుసు కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నా. నా పేచీ అంతా ఒక్క నియమంతోనే. ఎవరి మీదైనా వ్యాసం నిలవాలంటే, వాళ్లతో సంబంధం లేని నమ్మదగిన ప్రచురణలు వాళ్ల గురించి కాస్త వివరంగా రాసి ఉండాలి. సొంత వెబ్‌సైటూ, సంస్థ ఇచ్చిన ప్రెస్ నోటూ లెక్కలోకి రావు.

మొదట్లో దీన్ని తెగ మెచ్చుకునేవాణ్ణి. కార్పొరేటర్ టికెట్ ఆశించేవాళ్లూ, రెండు షార్ట్ ఫిల్ములు తీసినవాళ్లూ తమ చరిత్ర తామే ఎక్కించుకోకుండా ఆపేది ఇదే. ఊళ్ల విషయంలో మాత్రం చెయ్యి పెద్దది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఊరైతే సాధారణంగా చోటు దొరుకుతుంది. తెలుగు వికీలో మా పల్లెకూ పేజీ ఉంది, 2011 జనగణన లెక్కలతో సహా. అది మా నాన్నకు ఫోన్లో చదివి వినిపిస్తే, చెరువు సంగతి రాయలేదేమని అడిగాడు.

ఆ మెప్పు 2018లో కొంచెం తగ్గింది. డోనా స్ట్రిక్‌లాండ్ అప్పటికి కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో అసోసియేట్ ప్రొఫెసర్. 1985లోనే జెరార్ మూరూతో కలిసి, లేజర్ కాంతిని అతి చిన్న, అతి తీవ్రమైన మెరుపులుగా మార్చే పద్ధతి కనిపెట్టారు. ఎవరో ఆవిడ మీద ఇంగ్లీషు వికీకి చిత్తుప్రతి పంపితే, చూపిన ఆధారాలు చాలవని 2018 మేలో తిప్పి పంపారు. అక్టోబరు 2న ఇద్దరికీ భౌతికశాస్త్ర నోబెల్ ప్రకటించేసరికి మూరూకు పేజీ ఉంది, ఆవిడకు లేదు. నన్ను గుచ్చేది ఇంకొకటి. ఆచార్యులకు వికీలో విడిగా ఒక కొలత ఉంది: పెద్ద శాస్త్ర సంఘానికి అధ్యక్షులైనా చాలు. ఆవిడ 2013లో ఆప్టికల్ సొసైటీకి అధ్యక్షురాలు! నియమం ఆవిడ పక్షానే ఉంది, చూసినవాళ్లే దాన్ని అక్కడిదాకా చదవలేదు.

దీని మీద విమర్శలు వస్తే, లోకంలో ఆడవాళ్ల మీద ఉన్న వివక్షే వికీలో కనిపిస్తోందని, వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ అప్పటి అధిపతి జవాబిచ్చారు. అందులో నిజం లేకపోలేదు. కానీ మన తోలుబొమ్మలాట కళాకారుల సంగతేమిటి? వాళ్ల గురించి జిల్లా అనుబంధంలో ఎప్పుడో ఒకసారి ఫొటోతో వార్త వస్తుంది, అంతే. ఆధారం ఆన్‌లైన్‌లోనే ఉండాలన్న పట్టింపు వికీకి లేదు, పత్రిక పేరూ తేదీ చెబితే చాలు. ఆ తేదీ ఎవరికి గుర్తుంటుంది? 2011లో మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాకు చెందిన సెపెడి భాషల్లో నోటిమాటను రికార్డు చేసి ఆధారంగా చూపే ప్రయోగం చేశారు గానీ, అది మామూలు పద్ధతిగా స్థిరపడలేదు.

నేను ఎక్కువగా ఊళ్లూ, గుళ్లూ, పాత సినిమాలూ రాస్తాను. బతికున్నవాళ్ల జోలికి పెద్దగా పోను. కాబట్టి నా మటుకు ఈ నియమంతో రోజులు సాఫీగానే గడుస్తున్నాయి. జానపద కళాకారుల మీద రాయాలనుకునేవాళ్లు మాత్రం నా మాట చూసి దిగొద్దు. ముందు ఆ ఇంటికెళ్లి, పాత కటింగులేమైనా దాచారేమో అడగండి.