రూ.6,800 ప్రొజెక్టర్: పాత హాలీవుడ్‌కి భేష్, పాఠాలకు వద్దు

నాలుగు నెలలు వాడాక రాస్తున్నాను కాబట్టి కొనే ముందు ఒకసారి చదవండి. నేను అనంతపురంలో డిగ్రీ సెకండియర్, ఉండేది హాస్టల్లో, పాత హాలీవుడ్ సినిమాలంటే ప్రాణం. ఫోన్లో చూసీ చూసీ విసుగొచ్చి, ట్యూషన్ చెప్పిన డబ్బులు కూడబెట్టి టవర్ క్లాక్ దగ్గర ఒక షాపులో ఈ చిన్న ఎల్ఈడీ ప్రొజెక్టర్ తీసుకున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ ధరలో దొరికేవాటిలో చాలావరకు లోపల సరుకు ఒకటే, డబ్బా మీద పేరే మారుతుంది.

ముందు ఆ డబ్బా సంగతే చెప్పాలి. దాని మీద పెద్దక్షరాలతో ‘1080పీ సపోర్ట్’ అని ఉంటుంది. సపోర్ట్ అంటే అంత సైజు వీడియో ఇస్తే తీసుకుంటుందని మాత్రమే అర్థం, గోడ మీద అన్ని పిక్సెల్స్ పడతాయని కాదు. మీరు అడగాల్సింది ‘నేటివ్ రిజల్యూషన్ ఎంత’ అని, అంటే ప్రొజెక్టర్ సొంతంగా ఎన్ని పిక్సెల్స్ చూపగలదు అని. నాకు తెలియక అడగలేదు. రూముకొచ్చి ఒక్కో పిక్సెల్ వెడల్పున సన్నటి గీతలున్న బొమ్మ పెట్టి చూస్తే గీతలన్నీ కలిసిపోయి బూడిదరంగు పట్టీలా కనిపించింది, సెట్టింగ్స్‌లో వెతికితే అసలు సంగతి 1280×720 అని తేలింది. వెలుగు ఎంతో చెప్పే ల్యూమెన్స్ కూడా అంతే, అంకె వేలల్లో ఉంది గానీ పక్కన ‘ఆన్సీ’ (ప్రామాణిక పద్ధతిలో కొలిచారనే గుర్తు) అన్న మాట లేదు. ఆ మాట లేని ల్యూమెన్స్ అంకెను నమ్మి డబ్బులు పెట్టొద్దు.

ఇక చదువు కోసం కొనాలనుకునేవాళ్లకు సూటిగా చెప్తున్నా, వద్దు. పగలు కిటికీ తీస్తే గోడ మీద ఏమీ ఉండదు. రాత్రి పెట్టినా మధ్యలో ఫోకస్ కుదిరితే అంచుల్లో అక్షరాలు అలుక్కుపోతాయి, కంప్యూటర్ కోడ్ చదువుదామంటే లైను చివర కామా ఉందో చుక్క ఉందో తెలీదు. పక్కనుంచి వేసి, వంకరగా పడ్డ బొమ్మను కీస్టోన్ అనే సెట్టింగ్‌తో సరిచేద్దామంటే ఉన్న పిక్సెల్స్‌లోనే ఇంకొన్ని పోతాయి, అందుకే గోడకు ఎదురుగా స్టూల్ వేసి పెట్టడమే మేలు.

ఓటీటీ కోసమైతే ఇంకా ఆలోచించాలి. ఫోన్ స్క్రీన్ మిర్రర్ చేస్తే మెనూ దాకా బాగానే వస్తుంది, సినిమా మొదలుపెట్టగానే తెర నల్లగా అయిపోతుంది, కాపీ చేయకుండా ఆ యాప్‌లు అలా అడ్డుపడతాయి. పెన్‌డ్రైవ్‌లో ఎక్కించిన ఫైళ్లు మాత్రం చక్కగా ఆడతాయి, డాల్బీ ఆడియో ఉంటే బొమ్మ వచ్చి శబ్దం రాదు, అంతే.

నాకు ఇది ఎందుకు నచ్చిందో ఇక్కడ మొదలవుతుంది. అమెరికాలో కాపీరైట్ లేని పాత సినిమాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంటాయి, దించుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు. 1963లో వచ్చిన ‘షరాడ్’ ఉంది చూడండి, ఆడ్రీ హెప్‌బర్న్, కేరీ గ్రాంట్‌లది, ప్రింట్ మీద కాపీరైట్ నోటీసు సరిగ్గా వేయకపోవడం వల్ల విడుదలైన రోజు నుంచే అందరిదీ అయిపోయింది. ఇంకా పాతవైతే తెర దాదాపు చదరంగా, 4:3లో ఉంటుంది, ఈ ప్రొజెక్టర్‌కి ఆ సైజే బాగా కలిసొస్తుంది, ఫోకస్ బాగుండే నడిమి భాగంలోనే బొమ్మంతా పడుతుంది. పగటి వెలుగులో తీసిన నలుపు తెలుపు కామెడీలైతే నా గోడ మీద ఎంత బాగుంటాయో మాటల్లో చెప్పలేను. రాత్రి సీన్లున్న క్రైమ్ సినిమాలు మాత్రం తేలిపోతాయి, 1945 నాటి ‘డిటూర్’ పెడితే రాత్రి రోడ్డు నల్లగా ఉండాల్సింది బూడిద పోసినట్టు ఉంది, నాకు చాలా బాధేసింది.

స్పీకర్ దండగ. 1940లో వచ్చిన ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’లో ఒకరి మాట పూర్తి కాకముందే ఇంకొకరు అందుకుంటారు, ఆ వేగమే దాని అందం, ఈ స్పీకర్లో అదంతా గుంపు గోలలా వినపడుతుంది. బ్లూటూత్ పెడితే మాట పెదాల కంటే ఆలస్యంగా వస్తుంది. చివరికి 150 రూపాయల ఆక్స్ వైరుతో పాత స్పీకర్‌కి కలిపాను, ఆ బాధ తీరింది.

మన ఊళ్ల వాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి, దుమ్ము. ఇలాంటివాటి లోపలి భాగం సీల్ చేసి ఉండదు, ఫ్యాను గాలితో పాటు దుమ్మునూ లాగుతుంది. ఆషాఢం గాలికి మా కిటికీలోంచి వచ్చిన దుమ్ము లోపలి ప్యానెల్ మీద చేరి, తెర మీద కుడివైపు పావలా బిళ్లంత మసక మచ్చ పడింది. ఆ పక్కన ఎవరు నిలబడినా చెంప మీద మచ్చే. షాపుకి తీసుకెళ్తే దుమ్ము వారంటీలోకి రాదన్నారు, తుడవడానికి 400 తీసుకున్నారు. గాలి కాలంలో కిటికీ మూసి వాడండి, వాడనప్పుడు గుడ్డ కప్పండి.

ఇంత చెప్పి కూడా దీన్ని అమ్మను, కారణం మా ఊరి బడి. గుంతకల్లు వైపు మా పల్లెలో నేను చదివిన హైస్కూలుకి ఒక నో బ్యాగ్ డే శనివారం తీసుకెళ్లాను. బళ్లో పెద్ద టచ్ ప్యానెల్ ఉంది, పాఠాలకు అదే నయం, పగలు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. కానీ ఆ గదిలో పదో తరగతికి స్లిప్ టెస్ట్ జరుగుతోంది. పది చదివే పిల్లలకు ఒక్క గంట నవ్వే తీరిక కూడా ఎందుకివ్వరో నాకు ఇప్పటికీ అర్థం కాదు, నా పదో తరగతీ అలాగే గడిచింది. సరే, ఆరు, ఏడు తరగతుల వాళ్లను పక్క గదిలో కూర్చోబెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టి, మూకీల కాలపు హాస్యనటుడు బస్టర్ కీటన్ నటించిన 1928 నాటి ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లో చివరి తుఫాను భాగం వేశాను. మూకీ కాబట్టి ఇంగ్లీషు వస్తుందా రాదా అన్న టెన్షన్ ఎవరికీ లేదు, మధ్యలో వచ్చే అక్షరాలను నేను తెలుగులో చదివాను.

ఇంటి ముందు గోడ మొత్తం ఊడి కీటన్ మీద పడుతుంది, పై కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన నిలబడ్డ చోటికి రావడంతో బతికిపోతాడు. ఆ గోడ నిజమైన బరువు గోడ, కీటన్ డూప్ లేకుండా తనే నిలబడ్డాడు. గదంతా ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత ఒక పాప, “అక్కా, ఆయప్పకు దెబ్బ తగల్లేదా?” అంది. లేదన్నాను. “ఇంగొకసారి ఎయ్యక్కా” అని అందరూ పట్టుపట్టారు. నాలుగుసార్లు వేశాను. నాలుగోసారి ఒక పిల్లోడు లేచి తెరకు వీపు పెట్టి, కిటికీ తన మీద పడేలా అటూ ఇటూ జరుక్కుంటూ నిలబడ్డాడు, వాడి యూనిఫాం చొక్కా మీద గోడ జారుకుంటూ దిగింది. వెంటనే వాడి వెనకాల లైను కట్టేశారు.

వచ్చే శనివారానికి కీటన్‌దే 1926 నాటి ‘ది జనరల్’ ఎక్కించి పెట్టాను. అందులో రైలింజన్లే కథ, నిజమైన ఇంజన్ వంతెనతో సహా నదిలో కూలుతుంది. గుంతకల్లు పక్క పిల్లలకు రైలు గురించి నేను చెప్పక్కర్లేదు, వాళ్లే నాకు చెప్తారు. ఈసారి పదో తరగతి వాళ్లకు కూడా ఒక గంట ఇవ్వమని సార్‌ని అడిగాను, చూస్తానమ్మా అన్నారు.