1999 నాటి అసెంబుల్డ్ కంప్యూటర్, డయలప్: పాతికేళ్ల వాడకం తర్వాత

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో షాపు షాపూ తిరిగి విడిభాగాలు ఏరి బిగించుకున్న పెట్టె ఇది. సెలెరాన్ 366, 32 ఎంబీ ర్యామ్, 4.3 జీబీ హార్డ్ డిస్క్, 14 అంగుళాల కలర్ మానిటర్, విండోస్ 98. అంతా కలిపి 38 వేలయింది, అందులో సగం అప్పు. మానిటర్‌ని బస్సు టాపు మీద వెయ్యడానికి మనసొప్పక తెనాలి దాకా ఒళ్లో పెట్టుకునే వచ్చాను. ఇంట్లో దాని ముందు కొబ్బరికాయ కొడతామంటే, నీళ్లు పడతాయని వీధి గుమ్మం దగ్గర కొట్టించాను.

యంత్రంగా దీనికి వంక పెట్టలేను. నా డీటీపీ షాపులో, అంటే కంప్యూటర్ మీద అచ్చు పేజీలు కూర్చే షాపులో, పెళ్లి శుభలేఖలు, బళ్ల ప్రశ్నపత్రాలు కొట్టి ఏడాదిన్నరలో అప్పు తీర్చేశాను. ర్యామ్ ఒకసారి పెంచాను, యూపీఎస్ బ్యాటరీ మూడుసార్లు మార్చాను, అంతే.

ఇంటర్నెట్ సంగతి వేరు. అప్పట్లో అది డయలప్, అంటే ఫోన్ లైను మీద నంబరు డయల్ చేసి కనెక్టవ్వాలి. మన దేశంలో జనానికి అది అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న, ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ద్వారా, అదీ మహానగరాల్లో. మా షాపు దాకా రావడానికి ఇంకో నాలుగైదేళ్లు పట్టింది. మొదట్లో వేరే ఊరి నంబరుకి ఎస్టీడీ చేసి కనెక్టయ్యేవాణ్ణి కాబట్టి, పావు చార్జీ మొదలయ్యే రాత్రి 11 కోసం కాచుక్కూర్చునేవాణ్ణి. లోకల్ నంబరు వచ్చాక కూడా మూడు నిమిషాలకో పల్స్ (ఫోన్ బిల్లులో ఒక యూనిట్) పడేది. కంప్యూటర్ని ఫోన్ లైనుకి కలిపే మోడెం పేరుకి '56కే', అంటే సెకనుకి 56 కిలోబిట్లు. లైను బాగున్న రోజున ఒక ఎంబీ దిగడానికి అయిదారు నిమిషాలు. ఈలోపు ఎవరైనా ఫోన్ చేస్తే ఎంగేజ్. ఉరిమితే చాలు, పరిగెత్తుకెళ్లి ఫోన్ వైరు పీకేసేవాణ్ణి. రెండుసార్లు ఆలస్యమైంది, రెండు మోడెంలు కాలిపోయాయి. పిడుగుకి వారంటీ ఉండదట.

అందుకని ఓ పద్ధతి పెట్టుకున్నాను. కనెక్టయి, మెయిళ్లు దింపుకుని, వెంటనే లైను కట్ చెయ్యడం. జవాబులు తీరిగ్గా టైపు చేసి, మళ్లీ కనెక్టయి ఒక్క పల్స్‌లో పంపెయ్యడం. 2005లో బ్రాడ్‌బ్యాండ్ వచ్చినా ఆ అలవాటు చాలాకాలం పోలేదు.

వై2కే పనుల మీద, అంటే 2000 సంవత్సరం కోసం కంప్యూటర్లలో తేదీలు సరిచేసే పనుల మీద, అమెరికా వెళ్లిన కుర్రాళ్ల తండ్రులు షాపుకి వచ్చేవాళ్లు. వాళ్లలో ఓ పెద్దాయన ప్రతి శనివారం గొడుగు గుమ్మానికి తగిలించి, "ఏమయ్యా, మావాడి కాగితం వచ్చిందా?" అనేవారు. మెయిల్ అనే మాట ఆయన నోట వినలేదు. కొడుకు తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాడు, అప్పట్లో అందరిలాగే. పెద్దాయనకి ఆ అక్షరాలు రావు, నేనే పైకి చదవాలి. పద్ధతి ప్రకారం పెద్ద 'టీ' కొడితే ట, చిన్న 'టీ' కొడితే త. ఆ అబ్బాయికి షిఫ్ట్ నొక్కే ఓపిక లేదు. ఓసారి "పాట కారు కొన్నాను నాన్నా" అని చదివాను. పెద్దాయన మొహం వెలిగిపోయింది. "పాటలు వచ్చే కారే!" అన్నారు. అది పాత కారు అని నాకు తర్వాతి లైనులో రిపేరు ఖర్చు చూశాకే తెలిసింది. జవాబు ఆయన చెబుతుంటే నేనూ అలాగే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాణ్ణి. ప్రింటుకి అయిదు రూపాయలు, చదివిపెట్టినందుకు ఏమీ లేదు.

ఈ కంప్యూటర్ అసలు లోపం నాకు చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది. నేను గర్వంగా చేసిన తెలుగు పనంతా డీటీపీ ఫాంట్లలో ఉంది. అవి తెరకీ కాగితానికీ తెలుగు, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల చోట్లో కూర్చోబెట్టిన తెలుగు బొమ్మలు. అప్పటి పత్రికల వెబ్‌సైట్లదీ అదే కథ, ఒక్కోదానికి ఒక్కో ఫాంటు దింపుకోవాలి. అన్ని భాషల అక్షరాలకీ ఒకే ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు. కానీ దాన్ని చూపించే గౌతమి ఫాంటు విండోస్ ఎక్స్‌పీతో వచ్చింది, ఎక్స్‌పీకి కనీసం 64 ఎంబీ ర్యామ్ కావాలి. ర్యామ్ పెంచాక ఎక్స్‌పీ పెట్టి చూశాను. టీ తాగి వచ్చినా డెస్క్‌టాప్ రాలేదు. మళ్లీ 98కే వచ్చేశాను.

ఈ మధ్య ఆ హార్డ్ డిస్క్‌ని కొత్త కంప్యూటర్‌కి తగిలించాను. ఫైళ్లన్నీ క్షేమంగానే ఉన్నాయి. శుభలేఖల మాటరు తెరిస్తే డాలరు గుర్తులు, కొమ్ములు తిరిగిన అక్షరాలు, మధ్యలో ప్రశ్నార్థకాలు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లలో వేస్తే ఒత్తులు చెదిరిపోతున్నాయి.

ఇంతకీ ఆ డిస్క్ బయటికి తీసింది శుభలేఖల కోసం కాదు. పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. మనవడు న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి, "తాతగారి లెటర్స్ ఏమైనా ఉన్నాయా అంకుల్?" అని అడిగాడు. నోట్‌ప్యాడ్‌లో దాచినవి 61 దొరికాయి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినవి కదా, ఒక్క అక్షరం కూడా చెదరలేదు. జిప్ చేసి పంపాను. ఆ రాత్రే మళ్లీ ఫోన్ చేశాడు, కూర్చున్నపళాన అన్నీ చదివేశాడట. అతనికి తెలుగు మాట్లాడ్డం వచ్చు, లిపి రాదు.