శాసనం అచ్చు తీసే సరంజామా: ఊరి చరిత్ర బృందాలు కొనాల్సినవీ, కొననక్కర్లేనివీ

చెరువు కట్ట మీదో గుడి ముందరో శాసనం రాయి కనబడగానే ఊళ్లలోని చరిత్ర బృందాలు మొట్టమొదట అందుకునేది సుద్దముక్క. అన్నిటికంటే చవకా అదే, చెరుపు చేసేదీ అదే. సుద్ద పూసే చెయ్యి ఏ గీతను అక్షరం అనుకుంటే ఫొటోలో అదే అక్షరంగా పడుతుంది. రాతి పగులు కాస్తా గుడి (అక్షరం మీది ‘ఇ’ గుర్తు) అయి కూర్చుంటుంది, అరిగిపోయిన ‘ప’ ‘వ’గా మారిపోతుంది. ముగ్గుపిండి పోస్తే సన్నని గాళ్లలో దిగి మళ్లీ రాదు. అందుకే తడి కాగితాన్ని రాతి మీద కుంచెతో కొట్టి, పైన సిరా అద్ది తీసే కాగితపు అచ్చుకు ఇంకా పోటీ లేదు. ఎవరి ఊహనూ కలపకుండా రాయిలో ఉన్నదాన్ని ఉన్నట్టు, అసలు కొలతలో దించేస్తుంది.

సరంజామా అంతా కలిపితే అయిదారు వస్తువులు: కాగితం, కుంచె, సిరా, సిరా అద్దే ఉండ, నీళ్ల బకెట్, స్పాంజి. ఇవన్నీ ఒక పెట్టెలో సర్ది అమ్మే సెట్ అవసరం లేదు. విడివిడిగా కొనుక్కోవడమే మేలు, ఎందుకంటే ఇందులో నిజంగా నాణ్యత చూడాల్సింది కుంచె ఒక్కటే.

కాగితం సంగతికి వస్తే, పలుచని ‘మ్యాప్‌లితో’ రకం అచ్చు కాగితం బాగా పనిచేస్తుంది. ప్రెస్సులకు కాగితం అమ్మే దుకాణంలో 23×36 అంగుళాల షీట్లు అడగండి. నున్నటి ఆర్ట్ పేపర్ నీళ్లు పీల్చదు, న్యూస్‌ప్రింట్ నాలుగు దెబ్బలకే పిప్పి అవుతుంది. ఒక రాయికి కనీసం రెండు అచ్చులు తీయాలి, చిరిగేవీ ఉంటాయి కాబట్టి లెక్కకు రెట్టింపు షీట్లు పట్టుకెళ్లడం మంచిది.

కుంచె బిరుసైన జంతువెంట్రుకలదై, ఒత్తుగా, పిడితో ఉండాలి. బూట్లకు వాడే వెడల్పాటి బ్రష్‌తో సరిపెట్టుకోవచ్చు గానీ, పిడి లేకపోవడంతో గంటసేపు కొట్టేసరికి వేళ్ల కణుపులు రాతికి తగిలి చర్మం లేస్తుంది. నైలాన్ పోగులు కాగితాన్ని కోసేస్తాయి. ఇనుప తీగల బ్రష్‌ను రాయి శుభ్రం చేయడానికి కూడా దగ్గరకు రానీయకూడదు, కొబ్బరి పీచు చాలు.

పని వరస ఇది. నాచు, మట్టి నీళ్లతో కడిగి, రాయి ఇంకా తడిగా ఉండగానే తడిపిన కాగితాన్ని పరచాలి. నడుమ నుంచి అంచులకు కుంచెతో నిటారుగా కొడుతూ గాలి బుడగలు తరిమేయాలి. కాగితం అక్షరాల గాళ్లలోకి దిగేదాకా కొట్టాలి. చిరిగినచోట తడి ముక్క వేసి మళ్లీ కొడితే అతుక్కుపోతుంది. గాళ్లలోకి దిగకపోతే సిరా అక్కడా అంటి, అక్షరం నల్లబడి నేలలో, అంటే చుట్టూ ఉన్న నలుపులో, కలిసిపోతుంది. ఎర్రటి ఎండలో నల్లరాయి మీద ఈ పని పెట్టుకోవద్దు. ఒక మూల కొడుతుంటే రెండో మూల ఎండి లేచిపోతుంది. తెల్లవారుజామే అనువు, గాలీ తక్కువ.

నిలువు బండ అయితే చిక్కు ఎక్కువ. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద కన్నడ కవి పంపని తమ్ముడు జినవల్లభుడు సుమారు క్రీ.శ. 945లో వేయించిన శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ ఉంది. తెలుగు కంద పద్యాలున్నది దానిలోనే. అలాంటి సహజ బండల మీద కాగితం జారుతుంది. ఇద్దరు పై అంచు పట్టుకుని ఉండాలి, కొట్టడం పైనుంచే మొదలుపెట్టాలి.

సిరా దగ్గర తప్పులు ఎక్కువ. మసితో చేసిన నల్ల సిరా కావాలి. స్టాంప్ ప్యాడ్ సిరా కాగితం దాటి రాయికి పడుతుంది, ఆ మరక పోదు. నూలుగుడ్డను ఉండలా చుట్టి, పైన పలుచని బట్ట బిగించి కట్టుకుంటే అద్దే ఉండ తయారు. సిరాను నేరుగా దానికి పట్టించి రాయి మీద పెట్టకుండా ముందు చెక్కపలక మీద నాలుగుసార్లు అద్ది మిగులు తీసేయాలి. కాగితం వేలికి చల్లగా తగులుతూ, తడి మాత్రం అంటని దశలో అద్దాలి. తొందరపడితే సిరా పాకుతుంది, ఆలస్యమైతే కాగితమే ఊడి వస్తుంది. లేతగా రెండు మూడు సార్లు అద్దితే అక్షరాలు తెల్లగా, నేల నల్లగా తేలతాయి.

ఎనామిల్ రంగు పూసిన రాళ్లకు ఈ సామాను దండగ. గాళ్లన్నీ రంగుతో పూడిపోయి ఉంటాయి. పెచ్చులూడే ఇసుకరాయి మీద కుంచె దెబ్బే ప్రమాదం. ఈ రెంటికీ ఫోను, బలమైన టార్చి చాలు. చీకటి పడ్డాక టార్చిని రాతికి దాదాపు ఆనించినంత వాలుగా పట్టి, నాలుగు వైపుల నుంచీ ఒక్కో ఫొటో తీస్తే పగలు కనబడని గీతలు లేస్తాయి. పగలైతే అద్దంతో ఎండను పక్కనుంచి పడేలా చేయవచ్చు. రక్షిత కట్టడాల్లో మాత్రం పురావస్తు శాఖ అనుమతి లేకుండా కాగితం అంటించకండి, 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ఉంది.

అచ్చు చేతికొచ్చాక తేదీని ఒంటి అంకె మీద నమ్మవద్దు. శక 1157 అని చదివితే 78 కలిపి క్రీ.శ. 1235, ఆ ఏడు మన్మథ. రాతిలో సంవత్సరం పేరు విశ్వావసు అని ఉంటే మీరు 6ను 5గా చదివారన్నమాట, అది శక 1167. పత్రికకు ‘కొత్త శాసనం’ అని పంపేముందు పాత శాసన సంపుటాలు తిరగేయడం కూడా పనిలో భాగమే. లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ శాసనాల మొదటి సంపుటం 1935లోనే అచ్చయింది. కొత్తవని చాటిన రాళ్లలో కొన్ని తీరా చూస్తే అలాంటి సంపుటాల్లో ఎప్పుడో ఎక్కినవే.

ఎండిన అచ్చు వెనక పెన్సిల్‌తో ఊరు, రాయి ఎక్కడుందో, ఏ ముఖమో, పంక్తులెన్నో, తేదీ రాయండి. మడత పెడితే మడత మీద పంక్తి అరిగిపోతుంది. చుట్టి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టుకోండి. అంచులకు జిగురు టేపు అంటించకండి, జిగురు పసుపెక్కి చివరి అక్షరాలను మింగేస్తుంది.