మెడికల్ క్యాంపు పెట్టాలా, ఇంటి గోడ బాగుచేయాలా?

వరంగల్‌లో ఒక ఆసుపత్రి పిల్లల ఆరోగ్యం కోసం బస్తీ మీద డబ్బు పెట్టాలనుకుంటే రెండు దారులున్నాయి.

ఒకటి మనకు అలవాటైన మెడికల్ క్యాంపు. ఆదివారం టెంట్, ఉచిత పరీక్షలు, సిరప్‌లు. రక్తహీనత, చూపు లోపం బయటపడతాయి, అది మంచిదే.

రెండోది ఇల్లు, మోరీ, నల్లా బాగుచేయించడం. అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లోని నేషన్‌వైడ్ పిల్లల ఆసుపత్రి 2008లో ఈ దారి పట్టింది. చుట్టుపక్కల పాత ఇళ్లు బాగుచేయించింది, కొత్తవి కట్టించింది. గోడ చెమ్మగిల్లితే బూజు పడుతుంది, ఉబ్బసం ఉన్న పిల్లకు పిల్లికూతలు మొదలవుతాయి. నెబ్యులైజర్ పెట్టి పంపినా రాత్రికి మళ్లీ అదే గోడ పక్కన పడుకోవాలి. 2023 జూలై వరదల్లో మన లోతట్టు కాలనీల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నీళ్లు తీసినంత త్వరగా చెమ్మ పోదు కదా!

ఖర్చు క్యాంపుకే తక్కువ. మరమ్మతుకు ఇంకో చిక్కుంది: కిరాయి ఇల్లయితే, బాగయ్యాక ఓనరు కిరాయి పెంచకుండా ముందే రాయించుకోవాలి. అయినా నా ఓటు రెండోదానికే. క్యాంపులో ఆయాసంతో వచ్చిన పిల్లల ఇళ్లు రాసుకొని, మరమ్మతు అక్కడినుంచే మొదలుపెట్టాలి.