స్వచ్ఛంద సేనా, నిర్బంధ సేనా: అమెరికా అంతర్యుద్ధంలో ఎవరికి ఏది తగింది?

1861 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైనప్పుడు ఉత్తర పక్షం (కేంద్ర ప్రభుత్వం), దక్షిణ పక్షం (విడిపోయిన బానిస రాష్ట్రాలు) రెండూ స్వచ్ఛందంగా వచ్చేవారినే నమ్ముకున్నాయి. ఉత్తరాది పక్షాన అధ్యక్షుడు లింకన్ 75,000 మందిని 90 రోజులకే పిలిచారు. దక్షిణాది ఏడాది గడువుకు చేర్చుకుంది.

ఖర్చు: ఉత్సాహం ఉన్నంతకాలం స్వచ్ఛంద సేనకు సైనికులు తేలికగా దొరికారు. అది చల్లారాక ఉత్తరాది ప్రోత్సాహక సొమ్ము పెంచవలసి వచ్చింది; ఆ సొమ్ము తీసుకుని పారిపోయి, మరోచోట మరో పేరుతో చేరినవారూ ఉన్నారు.

శ్రమ: చట్టం చేసి తప్పనిసరిగా చేర్చుకునే నిర్బంధ సేనకు ఊరూరా నమోదు అధికారులు కావాలి.

ప్రమాదం: ఇక్కడే నిర్బంధం అసలు గాయం చేసింది. దక్షిణాది 1862 ఏప్రిల్‌లో 18 నుంచి 35 ఏళ్ల తెల్లజాతి పురుషులకు సేవను తప్పనిసరి చేసి, అక్టోబరులో 20 మంది బానిసలున్న తోటకు ఒక తెల్లవాడిని మినహాయించింది. పేద రైతులు దీన్ని ధనికుల కోసం పేదల పోరాటమన్నారు, వారి ఆగ్రహం న్యాయమైనదే. ఉత్తరాదిలో 1863 నిర్బంధ సేవా చట్టం 300 డాలర్లు కట్టగలిగినవారిని వదిలిపెట్టడంతో, జులైలో న్యూయార్క్‌లో చెలరేగిన అల్లర్లు వందమందికి పైగా ప్రాణాలు తీశాయి; చట్టంతో సంబంధమే లేని నల్లజాతి అనాథ పిల్లల ఆశ్రమాన్ని మూక తగలబెట్టడం నేటికీ కలచివేస్తుంది.

అనుకూలత: జనం తక్కువై, ఏడాది గడువు ముగిసిన సైనికులు ఇళ్లకు వెళ్లిపోయే స్థితిలో ఉన్న దక్షిణాదికి నిర్బంధం తప్పలేదు. జనబలమున్న ఉత్తరాదికి మాత్రం స్వచ్ఛంద చేరికే తగింది. అక్కడ నిర్బంధం, స్వచ్ఛందంగా చేరేలా చేసే ఒత్తిడిగానే ఎక్కువగా పనిచేయగా, సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు ఉత్తరాది సేన బలాన్ని పెంచారు.